ద్రాక్షతొట్టి నేర్పు పాఠము

మదనపల్లె బజారునందుగాని, పుంగనూరు బస్సులు నిలుచుచోటగాని, కుప్పము రైలు స్టేషను వీధియందుగాని కొంతదూరము నడచినచో ‘వైన్సు’ అను పలక కంటబడక మానదు. లోనికి పోయి యడిగినచో బ్రాందీ, విస్కీ, బీరు దొరకును. ద్రాక్షపండునుండి చేసిన వైను మాత్రము అరుదు. మన నాట పేరు పాకినది కాని వస్తువు పాకలేదు. అందుచేత మన కర్షకులలో పెక్కుమంది వైను అనగా సారాయికి మరియొక పేరని తలంచుచున్నారు. అది పొరపాటు. సారాయియు బ్రాందీయు కాచి ఆవిరిని చల్లార్చి దించినవి. వైను అట్లు దించినది కాదు. పండిన ద్రాక్షరసము పులిసి, తేరి, నిలువయుండదగిన స్థితికి వచ్చినదే వైను.

ఇటీవల సంఘసభ్యులు కొందరు మమ్ము కలిసికొని, “అయ్యా, సరిహద్దుకు అవతల నంది కొండకింద ద్రాక్షతోటల్లో వైను చేస్తారంట. బెంగుళూరునుంచి జనం దుడ్డు కట్టి మరీ చూసిపోతారంట. మనమూ ద్రాక్ష పెడితే పోలా?” అని యడిగిరి. ప్రశ్న మంచిది. కూర్చుండి యుత్తరము చెప్పుటకంటె పోయి చూచుట మేలని తలంచి, గత ఫిబ్రవరి మాసమున పదునొక్కరము మదనపల్లెలో బయలుదేరి, చింతామణి, చిక్కబళ్ళాపురముల మీదుగా పోయి, ఒక తోటను, దానితో చేరియున్న వైనుశాలను చూచి వచ్చితిమి. చూచినదానిని, దానివలన నేర్చినదానిని ఈ పాఠమున వివరించుచున్నాము.

ద్రాక్ష మనకు క్రొత్త కాదు

ద్రాక్ష విదేశపు పంట యని వెనుదీయ నక్కరలేదు. ద్రాక్షారిష్టమును, ద్రాక్షాసవమును మన వైద్యులు తరతరములుగా చేయుచున్నారు. ద్రాక్షకషాయమున బెల్లమును, ధాతకీపుష్పములను చేర్చి కుండకు మూతవేసి పులియబెట్టుట వారి పద్ధతి. హైదరాబాదునకు 1890లో అబ్దుల్ బాకర్ ఖాన్ గారు తెచ్చిన అనాబె షాహి రకము తెలంగాణమునందు మిక్కిలి పేరుగాంచెను. ఆ తోటలుండిన నేలలో చాలభాగము నేడు పట్టణములో కలిసిపోయినది. మన సరిహద్దునకు ఆనుకొనియున్న చిక్కబళ్ళాపురము, కోలారు, బెంగుళూరు ప్రాంతములందు ‘బెంగుళూరు బ్లూ’ అను నల్లద్రాక్ష చిరకాలముగా పండుచున్నది. దానికి 2013లో భౌగోళిక సూచిక లభించినది. అది తినుటకును, రసమునకును, తియ్యని వైనునకును పనికివచ్చును.

ఫ్రాన్సుదేశపు వైను రకములను నంది కొండ దిగువ దొడ్డబళ్ళాపుర ప్రాంతమున కన్వల్ గ్రోవర్ గారు 1988లో నాటించిరి. కర్ణాటక ప్రభుత్వము 2007లో ద్రాక్షకును వైనునకును ప్రత్యేకవిధాన మొకటి ప్రకటించెను. అటుపిమ్మట ఆ వైపున తోటలు చూడవచ్చు యాత్రికులు హెచ్చిరి.

శాలలో చూచినది

మేము పోయినది కోతకాలము. తెల్లవారుజామున చల్లదనమున్నపుడే స్త్రీలు కత్తెరలతో గుత్తులు కోసి క్రేట్లలో పేర్చుచుండిరి. ఎండ హెచ్చిన పిదప కోసిన పండు త్రోవలోనే పులియ మొదలిడును గావున నీ తొందర. కోయుటకు ముందు ఒక గింజను నలిపి, దాని రసపు చుక్కను రిఫ్రాక్టోమీటరు అను చిన్న గొట్టముపై వేసి వెలుతురునకు పట్టి చూచిరి. రసములో చక్కెర నూటికి 22 పాళ్లు చూపినది. కోతదినమును నిర్ణయించునది పంచాంగము కాదు, ఈ చుక్కయే.

శాలలో పండును కాడలనుండి వేరుచేసి చిదుపుదురు. తెల్లవైనునకు వెంటనే పిండి రసమును మాత్రమే తొట్టిలోనికి పంపుదురు. ఎఱ్ఱవైనునకు తొక్కలతోకూడ పులియనిత్తురు. నల్లద్రాక్షలో పెక్కింటి రసము తెల్లనిదే. రంగును, వగరును తొక్కలోనుండి వచ్చును. తొక్కలు పైకి తేలి గట్టిపడును గాన, దినమునకు రెండుమూడు మారులు క్రింది రసమును తోడి పైన పోయుచుందురు.

పులియుట యనగా నేమి? ఈస్టు అను కంటికి కనబడని జీవి చక్కెరను తిని దానిని మద్యసారముగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. లీటరు రసములో సుమారు 17 గ్రాముల చక్కెర నూటికి ఒక పాలు మద్యసార మగును. కావున పై చెప్పిన పండునుండి నూటికి 12 పాళ్లకు మించిన వైను వచ్చును. ఈతకల్లు పులియుటయు ఈ ధర్మముచేతనే. కల్లు గంటలలో పులిసి మరునాటికి చెడును. వైను చెడకుండుటకు కారణములు నాలుగు: మద్యసారము హెచ్చు, పులుపు హెచ్చు, శుభ్రత హెచ్చు, గాలి తగలకుండ మూసిన తొట్టి. ఫ్రాన్సుదేశపు పాస్టరు పండితుడు 1866లో వైను చెడుటను గూర్చి గ్రంథమును ప్రకటించెను. వైనును మితముగ వేడిచేసి చెడు క్రిములను చంపు ఉపాయమును ఆయన చూపెను. నేడు మన పాలకేంద్రములందు పాలను శుద్ధిచేయు పద్ధతికి ఆయన పేరే నిలిచినది.

క్రొత్త ద్రాక్షారసమును పాత తిత్తులలో పోసినచో పిగిలిపోవునను ఉపమానమును మేము బాల్యమున మిషను పాఠశాలలో చదివితిమి. అర్థము మాత్రము తెలియలేదు. తొట్టిమీది కవాటమునకు చేయి పెట్టి, వెలువడు గాలిని స్పృశించినపుడు గాని తెలియరాలేదు. ఆ గాలి తిత్తిని చింపును. మనుష్యుని చంపును గూడ. వాడుకలేని పాతబావిలో దిగుటకు ముందు మనవారు దీపము దింపి చూచునట్లే, తొట్టులలో దిగువారు అచ్చట గాలిని పరీక్షించిన పిమ్మటనే దిగవలయును.

రుచి చూచు విధము

తుదకు యాత్రికులను ఒక గదిలో కూర్చుండబెట్టి, గాజుగిన్నెలలో కొలదికొలదిగ పోసి చూపుదురు. ఇది గుక్కలు మ్రింగు పని కాదు, పరీక్ష. మొదట గిన్నెను తెల్లగుడ్డ కెదురుగ వంచి రంగు చూడవలయును. పిదప గిన్నెను మెల్లగ త్రిప్పి వాసన చూడవలయును. బెంగుళూరు బ్లూ పండు వాసన పెరిగినవానికి తెలియని దుండదు. పిదప చిన్నగుక్క నోట నుంచుకొని పులుపు, వగరు, తీపి, వేడి యను నాలుగింటిని వేరువేరుగ గుర్తింపవలయును. మ్రింగుట యవసరము కాదు. ఉమియుటకు పాత్ర ప్రక్కనే యుండును. శాలలోని నిపుణులును ఉమియుదురు. మేమును అట్లే చేసితిమి. మా జట్టులో నలుగురు ముట్టనేలేదు. వారికి ద్రాక్షరస మిచ్చిరి. వారు నేర్చినది మాకంటె తక్కువ కాదు.

వగరు హెచ్చిన ఎఱ్ఱవైను మిరపకారపు మంటను పెంచును. కావున రాగిసంకటితో నాటుకోడి పులుసు తినువారికి కొంచెము తీపిగల చల్లని తెల్లవైనే పొందికగ నుండునని యచ్చటివారు చెప్పిరి. ఏ పండ్లశాలలోనైనను తన నేలకూరను తోడుగ పెట్టి రుచి చెప్పు వాడుక మంచిదే. మన తోతాపురి మామిడికాయకు ఉప్పుకారము ఎంత పొందికయో ఎవరును మనకు నేర్పనక్కరలేదు గదా.

హెచ్చరిక

ఇచ్చట ఒక మాట దాచక చెప్పవలసియున్నది. 150 మిల్లీలీటర్ల వైనులో నున్న మద్యసారము 45 మిల్లీలీటర్ల బ్రాందీలో నున్నదానికి దాదాపు సమానము. వైను పండురసము గాన హానిలేదనుట సరికాదు. మద్యము ఎంత తక్కువైనను ఆరోగ్యమునకు క్షేమకర మనరాదని ప్రపంచారోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించినది. త్రాగినవాడు బండి తోలరాదు. అనుమతిపత్రము లేక ఇంట మద్యము చేయుట నేరము.

మన జిల్లా చరిత్రమును ఈ విషయమున మరువదగినది కాదు. రాజగోపాలాచారిగారు చెన్నపురి రాజధానికి ప్రధానులుగ నున్నపుడు 1937లో సేలమునందు మద్యనిషేధ మారంభించి, 1938 అక్టోబరు 1వ తేదీనుండి చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసిరి. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాయిపై లేచిరి. దాని ఫలితముగ 1993 అక్టోబరు 1న సారాయి నిషేధింపబడినది. ఇంటికి రావలసిన కూలి అంగడికి పోయినపుడు స్త్రీ పడు బాధ ఆ యుద్యమమునకు మూలము. వైనుశాలను చూడబోవు కర్షకుడు దీనిని మనసున నుంచుకొనియే పోవలయును. మేము చెప్పు పాఠము త్రాగుటను గూర్చినది కాదు. పండు నిలువను గూర్చినది.

తొట్టి యెవరిది?

మాతో వచ్చినవారిలో పుంగనూరు వైపు పెద్దకర్షకు డొకడుండెను. రుచిచూచు గదిలోనికి ఆయన రాలేదు; తొట్టులవద్దనే నిలిచియుండెను. ఆయనకును మాకును పాతసంబంధ మొకటి కలదు. పదునాలుగేండ్ల క్రిందట మా సలహా విని ఆయన రెండెకరములలో నల్లద్రాక్ష పెట్టెను. మూడవయేట కాపు విరివిగ వచ్చెను. కొనెదనని నోటిమాట యిచ్చిన వర్తకుడు కోతవేళకు రాలేదు. పండు తీగెమీద పదిదినములు నిలిచెను. పదునొకండవ దినమున వాన కురియగా గింజలు పగిలిపోయెను. ఆయన భార్య రోడ్డుప్రక్కన గంపలు పెట్టుకొని అమ్ముడైనంత అమ్మెను. మైలుతుత్త మెంత, సున్న మెంత కలుపవలయునో ఆయనకు మేము చెప్పియుంటిమి. పండు వేచియుండుటకు చోటెక్కడ నున్నదని మే మడిగియుండలేదు. ఆ తప్పు మాది.

ఆయన తొట్టిపై చేయి యుంచి మమ్ము చూచి, “అయ్యా, ఈ తొట్టి ఎవురిది? పండు పెట్టినోళ్లదా, కొన్నోళ్లదా?” అని యడిగెను.

నాటి యాత్రలో వినిన మాటలన్నిటిలో ఇదియే సారమైనది. తొట్టి గలవాడు వేచియుండగలడు; తీగెమాత్రమే గలవాడు వేచియుండలేడు. వేచియుండలేనివాడు ధర చెప్పలేడు.

మదనపల్లె టమాట విపణిని చూడుడు. 2023 జూలైలో కిలో నూరు రూపాయలు దాటి పలికిన పండే, మరియొక కాలమున కోతకూలికి చాలక రోడ్డుప్రక్కన పారవేయబడుచున్నది. తోతాపురి మామిడి సంగతి మరియు స్పష్టము. మన సీమలో గుజ్జుతీయు కర్మాగారములు పెక్కు గలవు. తొట్టి లేదనుటకు వీలులేదు. ఐనను అది పండించినవానిది కాదు. 2025 వేసవిలో ధర పడిపోగా, కర్మాగారములు కిలోకు 8 రూపాయలు ఇయ్యవలెననియు, తాను 4 రూపాయలు చేర్చెదననియు ప్రభుత్వము నిర్ణయింపవలసివచ్చెను. కావున దగ్గర కర్మాగార ముండుట చాలదు. అందు కర్షకునకు భాగమో, వ్రాతమూలకమైన ఒడంబడికయో యుండవలయును.

ఫ్రాన్సుదేశపు దృష్టాంతము

వైనుదేశముగ పేరుపడిన ఫ్రాన్సులోకూడ చిన్నకర్షకులు ఈ కష్టమునే పడిరి. దక్షిణభాగమున బెజియె పట్టణమునకు సమీపముననున్న మరోసాన్ గ్రామమున చిన్నకమతములవారికి సొంత తొట్టులు చాలవు. కోసిన వెంటనే వర్తకుడు చెప్పిన ధరకు అమ్ముకొనవలసివచ్చెను. వారు 1901లో ‘స్వతంత్ర ద్రాక్షకర్షకులు’ అను పేర సహకారసంఘము నేర్పరచుకొనిరి. 1905లో సొంతశాల కట్టుకొనిరి. వైనును పారిసు నగరపు కార్మికుల వినియోగదారుల సంఘములకు నేరుగ అమ్మిరి. ఒక సంఘము పండించెను, మరియొక సంఘము కొనెను. నడుమ దళారి లేకపోయెను.

అట్లు కూడనివారి గతి 1907లో తెలియవచ్చెను. పంట హెచ్చి, చక్కెరనీళ్లతో చేసిన కల్తీవైను చేరి, ధరలు కూలగా, ఆ ప్రాంతపు కర్షకులు లక్షలకొలది వీధులకెక్కిరి. నర్బోన్ పట్టణమున సైనికులు కాల్పులు జరుపగా కొందరు మరణించిరి. ఆ జూన్ 29వ తేదీన కల్తీ నరికట్టు శాసనము వెలువడెను. ఎవరి తోటలో ఎంత వైనైనదో ప్రతి కర్షకుడును ప్రకటింపవలెనని అది విధించెను. అటుపిమ్మట సహకారశాలలు ఊరూరను వెలసెను. నేటికిని ఆ దేశపు వైనులో పెద్దభాగము సహకారశాలలనుండియే వచ్చుచున్నది.

మనదేశమునను దృష్టాంతములు లేకపోలేదు. మహారాష్ట్రమున ద్రాక్షకర్షకుల సహకారసంఘములు చేరి 1991లో ‘మహాగ్రేప్స్’ స్థాపించి, చల్లనిగిడ్డంగులు కట్టుకొని, పండును ఐరోపాకు పంపిరి. చల్లనిగిడ్డంగియు ఒకవిధమైన తొట్టియే.

ద్రాక్ష పెట్టదలచినవారికి

ఇంతగా చెప్పిన పిమ్మటను ద్రాక్ష పెట్టదలచినవారు ఈ క్రింది విషయములను గమనింపవలయును.

మొదటిది వాన. మన దేశపు వేడిలో తీగె నిద్రపోదు గాన ఏటికి రెండు కత్తిరింపులు చేయుదురు. వేసవి మొదట, ఏప్రిలులో, కొమ్మల కొరకు ఒకటి. అక్టోబరు ప్రాంతమున కాపు కొరకు మరియొకటి. నాసిక వైపు అక్టోబరునాటికి వానలు తగ్గును. మనకో, ఈశాన్యపు వానలు అప్పుడే దిగును. లేతచిగురు, పూత తడిసినచో బూజుతెగులు తప్పదు. కావున కాపుకత్తిరింపు దినమును పొరుగుసీమను చూచి కాక మన ఆకాశమును చూచి నిర్ణయించుకొనవలయును.

రెండవది మందు. ఫ్రాన్సుదేశపు మేదోక్ సీమలో బాటసారులు పండు దొంగిలింపకుండ బాటప్రక్క తీగెలపై మైలుతుత్తము, సున్నము కలిపి చల్లుచుండిరి. ఆ తీగెలకు మాత్రము తెగులు రాకుండుట మిల్లార్దె పండితుడు కనిపెట్టి, పరిశోధించి 1885లో ప్రకటించెను. అదియే మన బోర్డో మిశ్రమము. 1 కిలో మైలుతుత్తము, 1 కిలో సున్నము, 100 లీటర్ల నీరు నూటికి ఒక పాలు మిశ్రమమగును. ఇనుప పాత్రల విషయమున జాగ్రత్త గల కర్షకుడు దానిని ప్లాస్టికు తొట్టిలోనే కలుపును. కోత సమీపించినపుడు మందులు నిలుపవలయును. మందు మిగిలిన పండును శాలవారు త్రిప్పిపంపుదురు.

మూడవది నీరు, అంటు. బోరునీటిలో ఉప్పు గలచోట డాగ్రిడ్జి వేరుమూలముపై అంటుకట్టిన మొక్క కొంత తట్టుకొనును. నాటుటకు ముందే నీటిని, నేలను పరీక్షింపజేయవలయును.

నాలుగవది కాపు. తినుద్రాక్షకు కాపు హెచ్చు, గింజ పెద్దది కావలయును. వైనుద్రాక్షకు గింజ చిన్నది, చక్కెర చిక్కనిది కావలయును. కాపును తగ్గించి గుణమును పెంచుదురు. ధర కిలోకు కాక చక్కెరపాళ్లకు కట్టుదురు. ఈ భేదము తెలియక హెచ్చుకాపునకు సంతసించినవాడు తూకమువద్ద దుఃఖించును.

ఐదవది పెట్టుబడి. కుప్పము సీమలో రాతికంబములకు కొదువ లేదు. ఐనను కంబములు, తీగెలు, బిందుసేద్యపు గొట్టములు ముందే కావలయును. కాపు రెండేండ్ల పిమ్మటగాని రాదు. ఆ రెండేండ్లు ఇల్లు గడచు మార్గము చూచుకొననిదే అప్పునకు చేయి చాపరాదు.

ఆరవది, అన్నిటికంటె ముఖ్యమైనది: కొనువాని వ్రాత. రకము, చక్కెరపాళ్లు, ధర, కోతదినము, త్రిప్పిపంపిన పండుగతి ఇవి అయిదును కాగితముమీద లేనిదే ఒక్క మొక్కయు నాటరాదు. ఒక్కడు అడిగినచో ఇయ్యని వ్రాతను నలువది మంది కలిసి యడిగినచో ఇత్తురు. 1995 నాటి పరస్పర సహాయక సహకారసంఘముల చట్టము క్రింద కర్షకులు తమ సంఘమును తామే కట్టుకొని నడుపుకొనవచ్చును.

ముగింపు

మా అభిప్రాయ మిది. మన మూడు తాలూకాలలో ద్రాక్ష పెట్టుటయా మానుటయా యనునది రెండవ ప్రశ్న. టమాటయైనను, మామిడియైనను, ద్రాక్షయైనను, పండు వేచియుండుటకు మనకు చోటు గలదా యనునది మొదటి ప్రశ్న. వైను ఆ ప్రశ్నకు ఒక యుత్తరము మాత్రమే. టమాటగుజ్జు మరియొకటి, ఎండబెట్టిన ఒరుగు మరియొకటి, చల్లనిగిడ్డంగి మరియొకటి. మద్యము వలదనువారు తక్కిన వానిని గైకొనవచ్చును. పాఠము మాత్రము అందరికి నొక్కటే.

తిరుగుప్రయాణమున ఆ పెద్దకర్షకుడు చింతామణి దాటువరకు మాటాడలేదు. పిదప, “మళ్లా పెడతానో లేదో తెలీదు గానీ అయ్యా, ఈసారి ముందు తొట్టి చూసి, తరవాత గుంత తీస్తా” అనెను. ఇంతకంటె చక్కగ మేము చెప్పలేము.

సంఘసమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. గత మూడేండ్లలో మీ గ్రామమున అమ్ముడుగాక చెడిన పండు ఎంత? వేచియుండగలిగియున్నచో దానికి ఏ ధర వచ్చియుండును?

2. మీ పండు కొనువానితో మీకు గల ఒడంబడిక నోటిదా, వ్రాతదా?

3. మీ ఊరికి పదిక్రోశుల లోపల గల గిడ్డంగులు, గుజ్జుశాలలు ఎవరివి? అందు కర్షకుల భాగ మెంత?

4. వైనుశాల చూడబోయినచో, త్రాగనివాడు అచ్చట నేర్వదగినవి అయిదు విషయములను చెప్పుడు.